ఆరు కిలోల అయిదు

అల్లూరులో జానీబాషా పాత సామాను కొట్టు.
ఇనుము ఒక పక్క, అట్టముక్కలు ఒక పక్క,
ప్లాస్టిక్కు మళ్ళీ రెండు రకాలు, గట్టిది, మెత్తది.
ఏరేది నేను. పదకొండేళ్ళు.
చేత్తో ఎత్తితే చాలు,
ఏది ఎంత తూగుద్దో చెప్తా.
అందుకే ఆ అయిదు కిలోల రాయి
ఆరు కిలోలని మొదటి రోజే తెలుసు.
చెప్పలా.

కూలి బాకీ పడ్డప్పుడల్లా 'ఏందన్నా' అంటే
'ఏదైనా తీసుకుపోమ్మే' అనేవాడు.
తీసుకుపోయినా.
వైరస్సు తగిలి రొయ్యల గుంటలు ఎండగట్టినోళ్ళు తోలిన
ఏరేటర్ల నీలం బుడ్డలు నాలుగు, ఒకదానికి చిల్లు.
చేపల పెట్టెల థర్మాకోలు.
ఇంక అతుకు నిలవని సైకిలు ట్యూబులు.
ఒంటి ఫ్యాను రెక్క.
ఎలక్షను అయిపోయిన మర్నాడు
కావలి రోడ్డు నించి చుట్టగా వచ్చిన ఫ్లెక్సీ.

ఎందుకంటే,
ఇసకపల్లి ఉప్పుటేటికి అవతల మడ చెట్ల కింద
ఎండ్రకాయలు అరచెయ్యంత.
బొక్కలో చెయ్యి పెట్టి డెక్కలు తగలకుండా పట్టేది
మా అమ్మ నేర్పింది, మా అమ్మకి వాళ్ళమ్మ.
ఏరు దాటేది ఎవరూ నేర్పలా.
పడవ పోలయ్యది. పట్టినదాంట్లో సగం ఆయనది.
సగమంటే పెద్దవన్నీ.

సరుగుడు కట్టెలు రెండు నిలువు, మూడు అడ్డం.
ట్యూబులు సన్నగా చీల్చి, లాగి,
పళ్ళతో పట్టి ముడేసినా.
ఇప్పటికీ నోట్లో ఆ రబ్బరు వాసన.
చిల్లు బుడ్డకి హవాయి చెప్పు ముక్క,
దాని మీద రోడ్డు పనోళ్ళు వదిలేసిన తారు.
అన్నం గిన్నెలోనే కరిగించినా.
గిన్నె మళ్ళీ అన్నానికి పనికి రాలా,
మా ఆయన రెండ్రోజులు మాట్లాడలా.
మూడో రోజు తనే వచ్చి
థర్మాకోలుకి మేత సంచులు తొడిగి దబ్బనంతో కుట్టిపెట్టాడు.
పక్క మీద పెద్దక్షరాలు: నికర బరువు 25 కిలోలు.
మా పెద్దది సుకన్య చదివి, నవ్వి నవ్వి కూలబడింది.
'ఎవరి నికరం మా?' అంది.

ఫ్లెక్సీ అడుగున బిగించినా, మొకం కిందికి.
చేతులు జోడించి నవ్వే ఆ పెద్దమనిషి
ఇప్పుడు చేపలకి దణ్ణం పెడతా ఉంటాడు.
ఎవరని అడగబాకండి,
తారు కింద సగం మొకం పోయింది.

శుక్రవారం పోటెక్కినాక దింపినాం.
గట్టు మీద పదిమంది.
పోలయ్య బీడీ ముట్టించి
సినిమాకి వచ్చినట్టు చోటు చూసుకుని కూర్చున్నాడు.

తేలింది.
తేలి, ఎడమకి ఒరిగింది.
నేను కుడికి జరిగితే నాతోపాటే కుడికి.
నడిమికి వస్తే మళ్ళీ ఎడమకి.
'తాగొచ్చిందిరో' అన్నాడెవడో.

అప్పుడు గుర్తొచ్చింది.
ఎలక్ట్రానిక్ కాటా కొన్న రోజు
జానీబాషా తుక్కులోకి విసిరేసిన రాయి.
అదీ కూలి కిందనే తెచ్చుకున్నా, ఎందుకో తెలీకుండానే.
పొయ్యి పక్కన పడుండాది పచ్చడి బండ లాగా.
సుకన్య పరిగెత్తి, కడుపుకి ఆనించి మోసుకొచ్చింది.
కుడి పక్క అడ్డకట్టె కింద పెట్టినా.
కుదరలా.
జానెడు ముందుకి జరిపినా.

నిలబడింది.
రెండు పక్కలా నీళ్ళు ఒక్క ఎత్తులో.

ఎందరు ముసలోళ్ళు నెత్తిన మోసుకొచ్చిన ఇనుములో
మాటు మాటుకీ కిలో తిన్న రాయో అది.
అయిదు అని ఇంకా ఉండాది, తెల్ల రంగుతో.
నీళ్ళకి చదువు రాదు,
ఆరే అనుకున్నాయి.
పదకొండేళ్ళు చూస్తా ఊరుకున్న నేను
దాని ఎదురుగానే కూర్చుని
ఫ్యాను రెక్కతో తెడ్డు వేసినా.
అవతల గట్టుకి మూడొందల పన్నెండు తెడ్లు.

ఆదివారం జానీబాషా వచ్చాడు.
పడవ చూశాడు. రాయి చూశాడు. నన్ను చూశాడు.
'బాగుందమ్మే' అన్నాడు.
'బాగుందన్నా' అన్నా.
బుట్టలోంచి పెద్దది ఒకటి తీసి ఇచ్చినా.
చేత్తో ఎగరేసి బరువు చూసుకున్నాడు, అలవాటు.

గంటకి నాలుగు చెంబులు ఊరుతుండాది, ఎడమ బుడ్డ.
ఇంకో చెప్పు ముక్క కావాల.
సుకన్య కుడికాలి చెప్పు
నేడో రేపో తెగేట్టుంది.
చూస్తుండా.