దమ్ము

ఎనుమాముల యార్డు మిర్చి ఘాటు మోసుకొని
ఐలుమల్లు బొలెరో వొచ్చింది.
అది రాకముందే దాని పొగ వొచ్చింది.

"ఎత్తు ఎక్కుతలేదు ఉస్తాద్.
నిలవెడితే చలిజరమొచ్చినట్టు వణుకుతది.
నక్కలగుట్ట కాడ ఆటోలు గూడ దాటిపోతున్నయి."
డ్యాష్‌బోర్డు మీద పసుపు బుగ్గ
పదిరోజులసంది ఆర్తలేదట.
కంప్యూటర్ పెట్టినాయన వాల్వు పోయిందన్నడట,
పద్నాలుగు వేలట.
ఇంకొకాయన రేకుముక్క అడ్డమేసి మూసేద్దామన్నడట.

యాకూబ్ ఉస్తాద్ ఇనుకుంట నిలవడ్డడు.
రేకుముక్క మాటకు మాత్రం మొకం అటు తిప్పిండు.

బానెట్ లేపి నాకు చూపెట్టిండు:
"ఇంజను ఇడిసిన పొగల కొంత
మల్ల ఇంజనే పీల్చుకుంటది, ఇగో ఈ తొవ్వల.
లోపట మంట మరీ ఎగరకుండ.
తెరుసుడు మూసుడు ఈ వాల్వు పని.
తెరుసుకొనే ఉండిపోయిందనుకో,
కడుపునిండ తన పొగనే తింటది,
గాలికి జాగుండదు."

సన్నని రబ్బరు పైపు నోట్లె పెట్టుకొని గుంజిండు.
ఇంజను నడుస్తనే ఉంది, అదే వణుకు.
నాలుక కొసతోటి పైపు మూతి మూసిండు.
పట్టు నిలిస్తే లోపటి పొర మంచిగున్నట్టు,
జారితే చినిగినట్టు.

జారింది.

మల్ల గుంజిండు. మల్ల జారింది.
మూడోపారి దగ్గు తెగబడ్డది.
ఫెండర్ మీదికి వొంగి
చాయ్ చల్లారేంత సేపు దగ్గిండు.
ఐలుమల్లు పద్నాలుగు వేలు
ఎవ్వలనడగాల్నో వేళ్ల మీద లెక్కపెడుతున్నడు.

"కొమ్మాలూ, నువ్ గుంజు."
తుడవకుండనే పైపు నా చేతిల పెట్టిండు.
ముప్పై ఏండ్ల డీజిలు, బీడీ వాసన.
గుంజిన. నాలుక అడ్డం పెట్టిన.
జలగ పట్టినట్టు పట్టింది.
యాభై దాకా లెక్కపెట్టిన,
ఇడువలేదు.

ఉస్తాద్ నా దిక్కు చూసిండు, వాల్వు దిక్కు చూసిండు.
చినిగింది వాల్వు పొర కాదని
ఇద్దరికి ఒక్కపారే ఎరుకైంది.

"పదమూడు నంబరు పానా అందియ్యి."

ఇప్పి చూస్తే పెసరగింజ పట్టే సందు లేదు,
మాడిన బెల్లంపాకం లెక్క నల్లటి మడ్డి.
"యార్డుల రెండో గేరు, స్టేషన్ రోడ్డుల మొదటి గేరు.
ఎన్నడన్న ములుగు రోడ్డెక్కి
కాళ్లు సాపనిచ్చినవా దీన్ని?"
"నేను సాపితె గద," అన్నడు ఐలుమల్లు.

పొద్దూకేదాక గోకిన, బ్రష్షుతోటి, సైకిల్ పుల్లతోటి.
గోళ్ల సందుల ఆ నలుపు ఇంకా ఉంది.
బిగిచ్చి, స్టార్టు జేసి, పైపు గుంజిన.
ఇంజను ఎక్కిళ్లు పెట్టింది, తన్లాడింది,
ఆగిపోయింది.
ఐలుమల్లు నెత్తిన చేతులు పెట్టుకున్నడు.
"గట్ల సావాలె," అన్నడు ఉస్తాద్,
"వాల్వు తెరుసుకుంటున్నది."

ఏం సామాను మార్చినవని తొమ్మిది వందలు?
ఎనిమిదిన్నరకు తెగింది.

షట్టర్ గుంజేటప్పుడు ఆ పైపు నా అంగి జేబుల ఏసిండు.
"ఇగసంది నువ్వే."
ఎంజీఎంకు పోదామా ఉస్తాద్ అన్న.
"ఆడ పదమూడు నంబరు పానా ఉండదురా,"
నవ్వుకుంట బీడీ ముట్టియ్య జేబులు తడిమిండు.

అగ్గిపెట్టె నా తానే ఉంది.
ఇయ్యలేదు.