తరుగు పోగా

భీమవరం, జువ్వలపాలెం రోడ్డు.
అద్దాల షాపు గుమ్మంలో నాన్న చెప్పులు విడిచాడు.
"ఏసుకునే రండి, పర్లేదు" అన్నాడు కుర్రాడు జుబేరు.
నాన్న వినలేదు.
చెరువు గట్టు మీద నడిచే కాళ్ళకి
ఆ తెల్లటి నేలంటే భయం.

నా చేతిలో కాగితం,
మూణ్నెల్లుగా రాసి, కొట్టేసి, మళ్ళీ రాసింది.
పగలు కోడింగు, ప్రాజెక్టు బొమ్మలు.
రాత్రి ఆట.
అది దాచలేదు. దాచుంటే
ఇరవై వేల తక్కువలో తేలిపోయేది బేరం.
ఊరి నుంచి గూడెం, గూడెం నుంచి ఊరు,
రోజుకి నాలుగు బస్సులు
ఒకటే భుజం.

బల్ల మీద రెండు పెట్టాడు.
ఒకటి సావిడాయిలా పల్చన, వెండి రంగు.
చదువుకుంటుంది, బుద్ధిమంతురాలు.
ఆటలో పొగ లేచిందా, కాళ్ళు తడబడతాయి.
రెండోది మట్టగిడస. నల్లన, దిట్టం.
ఎంతసేపైనా ఆడుతుంది,
ఆడినంతసేపూ బుస కొడుతుంది.

కోర్లు, గ్రాఫిక్స్ కార్డు,
నూట నలభై నాలుగు హెర్ట్జులు,
జుబేరు చెప్పుకుపోతున్నాడు.
నాన్న తలూపుతున్నాడు,
హైదరాబాదు పాస్టరు గారి ఇంగ్లీషు ప్రార్థనకి
ఊపినట్టు.

ఆనక అరచేతులు లుంగీకి తుడుచుకుని
కుడిచేత ఒకటి, ఎడమచేత ఒకటి
ఎత్తి, కళ్ళు మూసుకున్నాడు.
పట్టుబడి రాత్రుళ్ళు రొయ్యల ట్రే ఎత్తి
నలభై కౌంటో నలభై ఐదో చెప్పే చేతులు.
కంపెనీ కాటా అబద్ధమాడిన రోజు కూడా
తప్పు చెప్పని చేతులు.
"ఇది కేజీన్నర లోపు.
ఇది రెండుంపావు దాటింది."
జుబేరు పెట్టె మీద అంకె చూశాడు,
తర్వాత నాన్న చేతుల్ని చూశాడు.

"మరి దీని ట్రే ఏదీ?"
"ట్రే ఏంటండీ?"
"కరెంటు పెట్టేది."
ఛార్జరొచ్చింది. ఇటుక.
నల్లదాని మీద ఇంకో ముప్పావు కేజీ.
"పిల్ల ఇదీ మొయ్యాలి గదా రోజూ.
ట్రేతో సహా చెప్పు బాబూ తూకం."

"బ్యాటరీ మాత్రం ఎనిమిది గంటలండీ!"
"తరుగెంత?"

ఆ మాట అతనికి నేను చెప్పాల్సొచ్చింది.
ఐసు పేరున ఇంత, నీటి పేరున ఇంత,
వందకి నాలుగైదు కేజీలు కొట్టేస్తారని.
మా ఇంట్లో ఏ అంకె వినపడ్డా
వెనకే ఆ ప్రశ్న వస్తుందని.
నా పదో తరగతి మార్కుల వెనక కూడా వచ్చిందని.

జుబేరు యజమాని వైపు ఓసారి చూసి
గొంతు తగ్గించాడు.
"చదువుకైతే ఐదు గంటలు బాబాయ్.
ఆటకైతే ఒకటి."
అప్పుడు నాన్న మొదటిసారి
అతని మొహంలోకి చూశాడు.

లోపలి అరలోంచి మూడోది తెచ్చాడు జుబేరు.
కేజీ ఏడొందలు. ఛార్జరు గుప్పెట్లో పట్టేంత.
"ఆటకి గంటన్నర, అంతకన్నా చెప్పను.
అందులోనూ కొన్ని తగ్గించుకోవాలక్కా,
నీడలు తీసెయ్యాలి,
నీళ్ళ మీద మెరుపు తీసెయ్యాలి."
నవ్వొచ్చింది నాకు.
నీళ్ళ మీద మెరుపు
మా గట్టు మీద కావల్సినంత.

పదోరోజు రాత్రి, కాపలా పాక.
బయట ఏరియేటర్ల హోరు,
ఒళ్ళో చిన్న ఫ్యాను హోరు,
రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలీదు.
నలుగురం మిగిలాం ఆటలో.
ఇంతలో ఒక హోరు ఆగింది.
పెద్దది.

నాన్న అప్పటికే పరిగెడుతున్నాడు.
ఒళ్ళోది మంచం మీద పడేసి నేనూ.
గాలి ఆగితే రొయ్య ఎంతోసేపు ఆగదు.
జనరేటరు మూడుసార్లు దగ్గి
నాలుగోసారి అందుకుంది.
నీళ్ళు మళ్ళీ తెల్లగా లేచాయి.

తిరిగొచ్చేసరికి తెర మీద
నేను చచ్చి పడున్నాను, తుపాకీ పక్కన.
"కెజియా, ఎక్కడికి పోయావే" అని
చెవి ఫోన్లో ఎవరో సన్నగా తిడుతున్నారు.

నాన్న లుంగీ అంచు పిండుకుంటూ వంగి
తెర మూలన ఎర్రగీత చూశాడు.
"ఎంతసేపొచ్చింది?"
"గంటా ఇరవై."
"పది నిమిషాలు తరుగు" అన్నాడు,
"పర్లేదు. మంచి కుర్రోడు."