కంటాసుపత్రి పడమటి గోడ

నలభై మూడు గజాల గుడ్డ.
ఒక కొస పాత పోస్టాఫీసు పక్కన నా కొట్టులో ఉంటే
రెండో కొస వీధి దాటి
పోలమ్మ ఎండుచేపల అరుగు మీద తేలింది.
లారీ టార్పాలిన్లు కుట్టే మిషను నాది,
ఇంత పల్చటి బట్ట ఎరగదు.
రెండు సూదులు విరగ్గొట్టి
మూడోదానికి దారికొచ్చింది.

పెదవాల్తేరు కంటాసుపత్రికట.
గోడకి గుడ్డ అనేసరికి
తెడ్డు రాజారావు ఒకటే నవ్వు:
"బిల్డింగుకి సిగ్గొచ్చిందేటి?"

సిగ్గు కాదు, ఎండ.
సముద్రం తూర్పున ఉండి ఏం లాభం,
మధ్యాహ్నం రెండు దాటితే
పడమటి వరండాలో
అప్పుడే శుక్లం తీయించుకున్నవాళ్ళు
కంటికి పచ్చగుడ్డ కట్టుకుని
గోడవైపు తిరిగి కూర్చుంటారు
బడిలో తప్పు చేసిన పిల్లల్లా.

బొమ్మ గీసిన అమ్మాయి పేరు ఇందుమౌళి.
కెరటాలు గీసింది.
ఈ ఊళ్ళో ఎవరేం గీసినా కెరటాలే,
బస్టాపు మీద, పాలప్యాకెట్టు మీద,
పెళ్ళిశుభలేఖ మీద కూడా.

"బొమ్మ నీ ఇష్టం తల్లీ,
గాలికి దారి మాత్రం వదులు" అన్నాను.
హుదూద్ నాడు చూశాను కదా.
అద్దాల మేడలు గాలికి ఎదురు నిలబడ్డాయి,
తెల్లారి రోడ్డంతా గాజుపెంకులు.
పూర్ణామార్కెట్లో చిల్లులు పడ్డ గోనెపట్టా ఒకటి
కట్టింది కట్టినట్టే ఉంది.

మా అయ్య తెరచాపలు కుట్టినవాడు.
ఇంజన్లొచ్చాక చాపలు పోయాయి.
సూదిని నెట్టే ఆయన తోలుతొడుగు
నా సొరుగులో ఇంకా ఉంది,
అరచెయ్యి ఆకారం మర్చిపోకుండా.

మర్నాడు ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది.
వలలో దారానికీ దారానికీ మధ్య ఖాళీని
మీవాళ్ళు ఏమంటారని అడిగింది.
కన్ను, అన్నాను.
చిన్నకన్ను వల, పెద్దకన్ను వల,
పిల్లచేపను పోనిచ్చే కన్ను, పోనివ్వని కన్ను.
ఆమె పెన్సిలు ఆగిపోయింది.
కాసేపు పోలమ్మ కాకుల్ని అదిలించడం వింటూ కూర్చున్నాం.

నాలుగువేల చిల్లర కన్నులు.
అంచులకి కాజాకుట్టు వేయడానికి
జాలారిపేట నుంచి పదకొండుమంది ఆడవాళ్ళు వచ్చారు.
వల అల్లిన వేళ్ళకి నేర్పేదేముంది,
నా కుట్టుకే రెండు వంకలు పెట్టారు.

మేడ మీంచి తాళ్ళతో ఎత్తినరోజు
ఇంజనీరుగారు కింద నిలబడి
ఎడమకి, కుడికి అంటున్నారు.
గాలి ఆయన మాట వినలేదు, మా మాట కొంత వింది.
బిల్లు ఇంకా రాలేదు, అది వేరే సంగతి.

రెండున్నరకి ఎండ వచ్చింది.
వరండా నేలంతా
బిళ్ళలు బిళ్ళలుగా వెలుతురు, కదులుతూ.
రాయవరం నుంచి వచ్చిన ముసలమ్మ ఒకామె
పచ్చగుడ్డ కొంచెం ఎత్తి
ఒళ్ళోకి చూసుకుంది.
"ఎవులో పొలుసులు రాల్సినారే నా సీర మీద!"
దులిపింది.
పోలేదు.
మళ్ళీ దులిపి, తన చేతి మీద కూడా అవే చూసుకుని
నర్సు వద్దంటున్నా గుడ్డ దించలేదు.

ఇప్పటికి ఎనిమిది నెలలు.
పోర్టు బొగ్గుదుమ్ము పట్టి
తెలుపు కాస్తా చుట్టపొగ రంగుకొచ్చింది.
వానే ఉతుకుతుందంటుంది ఇందుమౌళి.
వాన సంగతి నాకు తెలుసు, నేను ఒప్పుకోను.

దక్షిణపు మూల రెండు కన్నులు చిరిగి
ఒకటయ్యాయి.
దాని కింద ఎండ తువ్వాలంత పడుతోంది.
అందరూ అక్కణ్ణించి బెంచీ జరుపుకున్నారు,
ఆసుపత్రి పిల్లి తప్ప.
కుట్టేద్దామని నిచ్చెన తెచ్చాను, దారం ఎక్కించాను.
అది లేచేదాకా
కింది మెట్టు మీద కూర్చున్నాను.