నూట నాలుగు మీటలు

తిరగేసి చూశాను, పక్కలు తడిమాను,
బ్యాటరీ మూత తీసి గోరుతో గీరి చూశాను.
ఎక్కడా లేదు.
"ఆపడం ఎలాగ బాబూ?" అనడిగితే
గంటస్తంభం దగ్గర షాపు కుర్రాడు నవ్వేడు.
"ఆపక్కర్లేదు మేడమ్.
కాసేపు ముట్టుకోకపోతే
దానంతటదే తొంగుంటాది."

నెల్లిమర్ల బస్సులో ఒళ్ళో పెట్టుకుని
వేలితో లెక్కెట్టుకున్నాను.
నూట నాలుగు మీటలు.
ఆపే మీట ఒక్కటి లేదు.

రిజిస్ట్రారాఫీసు ఎదురుగా మా కొట్టు.
టీ పొయ్యికీ స్టాంపుల వెండరు బల్లకీ మధ్య
ఆరడుగుల సందు.
తీగ ఉన్న పాత కీబోర్డుని ఎలక కొరికేసింది,
అందుకని ఇది.
మొదటి పదిహేను రోజులూ బాగానే ఉంది,
బల్లమీద తీగ లేకపోతే
టీ గ్లాసుకి కూడా చోటు దొరికింది.

కర్రోతు సూరప్పడు గారి క్రయపత్రం సగంలో ఉండగా
ఏటి వైపు నుంచి వాన ముంచుకొచ్చింది.
తడవకుండా కాగితాల కట్ట దాని మీదే పడేసి
కంప్యూటరు ఆపడం మరిచి
షట్టరు దించి పరిగెత్తేను.
నెత్తిన బరువుంటే నిద్రెవరికి పడుతుంది?

తెల్లారి చూస్తే తెర మీద
తూర్పు: పంచాయతీ గెడ్డ.
దక్షిణం: రౌతు పోలినాయుడు గారి మెట్ట.
పడమర: హహహహహహహహహహహ
కిందికి జరిపేను. హ.
ఇంకా కిందికి. హ.
నూట పన్నెండు పేజీల హ.
ఉత్తరం హద్దు ఎక్కడా రాలేదు.

చదువురాని సూరప్పడు గారు
తల పక్కకి వాల్చి ఆ పేజీలన్నీ పరకాయించి
"ఓలమ్మో, ఇంత బూవుందేటి నాకు?" అన్నారు.
అరవై సెంట్ల ఆసామి.

నేను కంపెనీవాణ్ణి తిడుతుంటే
పని నేర్చుకోడానికొచ్చిన దమయంతి అడ్డొచ్చింది.
"స్విచ్చుంటే మాత్రం? మేస్టారి సంగతి మర్చిపోయేరా?"
మర్చిపోలేదు.
గుర్ల నుంచి ఆటో కట్టించుకుని
మనవరాలి కీబోర్డు తువ్వాల్లో చుట్టుకుని వచ్చేరు కిల్లి సత్యం మేస్టారు.
చచ్చిపోయిందమ్మా, అన్నారు.
అడుగున నువ్వుగింజంత మీట
ఇటునుంచి అటు జరిపేను.
పచ్చచుక్క వెలిగింది.
అందరం నవ్వేం, ఆయన తప్ప.
"ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పేను" అన్నారు, మాతో కాదు.
తువ్వాలు నాలుగు మడతలు పెట్టుకుని
ఎండలోకి దిగిపోయేరు.
ఆ ముఖం చూశాక
స్విచ్చు పెట్టనివాళ్ళని నోరారా తిట్టలేను.

అయినా నాకు కావాలి.
మా అయ్య జనపనార మిల్లులో మగ్గం మీద చేసేవాడు.
షిఫ్టు దిగేముందు మీట కిందికి లాగి
పట్టా తిరగడం మానేదాకా నిలబడి
ఆగిన ఇనుము మీద అరచెయ్యి వేసి చూసేవాడు.
"ఆగినాదని సెయ్యికి తెలాలి.
అప్పుడు గానీ అన్నం సయించదు."
కనుబొమల మీద నారపీచు తెల్లగా.
కూత కూసినా
చెయ్యి వేయకుండా వచ్చిన రోజు లేదు.

నా దానికి చెయ్యి వేస్తే
లేచి కూర్చుంటుంది.
ఏం కావాలి, ఏం కొట్టమంటావు అన్నట్టు
తెరమీద గీత టపటపలాడుతుంది.

అందుకని రోజూ రాత్రి రెండు బ్యాటరీలూ పీకి
ముద్రల ఇంకు డబ్బా మూతలో పడుకోబెడుతున్నాను.
దమయంతి నవ్వుతుంది.
మూత గొళ్ళెం వదులైపోతోంది, స్ప్రింగు వంగిపోయింది,
ఇలా పీకితే ఏడాది రాదంటుంది.
రాకపోవచ్చు.

ఇవాళ పొద్దున్న ఒక బ్యాటరీ చేతిలోంచి జారి
వెండరు బల్ల కిందికి దొర్లిపోయింది.
మోకాళ్ళ మీద వంగి, కొంగు దోపుకుని
బీడీ ముక్కల్లో, చిరిగిన రసీదుల్లో చెయ్యి పెట్టి తడుముతుంటే
వరసలో నిలబడ్డ ఎవరో
"ఏటమ్మా ఎతుకుతన్నావు?" అన్నారు.

"స్విచ్చు" అన్నాను.