చలికాలం నీళ్లు

భీమిలిలో కొన్నాను దీన్ని.
రెండే తలుపులు, ఇద్దరికే చోటు,
కూర్చుంటే రోడ్డు నడుముకి తగులుతుందేమో అన్నంత కిందికి.
యాభై రెండేళ్లొచ్చాక ఇదెందుకే అని
మా అక్క అడిగింది, ఇంకా అడుగుతూనే ఉంది.
ఎరుపు. మామూలు ఎరుపు కాదు,
ఎండుమిరపకాయ తొడిమ దగ్గర ఉంటుందే, అది.

కడుపు కింద అప్పటికే సముద్రం కొరికిన గుర్తులు.
వేలితో నొక్కితే ఒక అంచు అప్పడంలా విరిగింది.
హైదరాబాద్‌లో సముద్రం లేదుగా, బతికిపోతుందిలే అనుకున్నాను.

మౌలాలీలో మా బోరు తొమ్మిది వందల అడుగులు.
సముద్రం ఆ లోతున పడుకుని ఉందని
మొదటిసారి కడిగిన రోజే తెలిసింది.
నీళ్లు ఆరాక బానెట్ నిండా తెల్లటి చుక్కలు,
ఎవరో ముగ్గు వేయబోయి మానేసినట్టు.
నల్లా నీళ్లు రోజు విడిచి రోజు, గంటసేపు.
ఆ బిందెల వరసలో కారుకి చోటడిగే మొహం నాకు లేదు.

వేసవి నయం.
అపార్ట్‌మెంట్ గోడ వెంట ప్రతి ఏసీకీ ఒక గొట్టం,
ప్రతి గొట్టం కిందా నా బకెట్.
గాలిని పిండిన నీళ్లు, ఉప్పు తెలియని నీళ్లు.
మూడో అంతస్తు సుగుణాకర్ రావు గారు
రాత్రంతా పద్దెనిమిదిలో పెట్టుకుంటారు,
ఆయన కరెంటు బిల్లుకి నా బండి రుణపడి ఉంది.
కార్తీకం వచ్చిందా, గొట్టాలన్నీ ఎండిపోతాయి.
ఫ్లైఓవర్ పనుల సిమెంటు దుమ్ము
తెల్లవారుజాము మంచుకి తడిసి అట్టకడుతుంది.
చేతిలో మిగిలేది బోరు పైపు ఒక్కటే.

నేను చేసేది డయాలసిస్‌లో, కాచిగూడలో.
ఆరింటి షిఫ్టు, తొమ్మిది మంచాలు.
మనుషుల్లోంచి నీళ్లు లాగి
వచ్చినప్పటి బరువూ, పోయేటప్పటి బరువూ రాసుకుంటాను.
మిషన్లలోకి వెళ్లే నీళ్లు ఎంత శుభ్రమో నాకు తెలుసు.
పంతొమ్మిదేళ్లలో ఒక్క సీసా ఇంటికి తేలేదు.
తేవాలనిపించలేదని మాత్రం అనను.

నాలుగో మంచం మొహియుద్దీన్ గారు,
మలక్‌పేటలో నలభై ఏళ్లు డెంటింగ్, పెయింటింగ్.
రోజుకి మూడు గ్లాసుల నీళ్లు, అంతే ఆయనకి.
నా ఫోన్లో బండి ఫోటో పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి
“ఉప్పు నిద్రపోదు బిడ్డా” అన్నారు,
“ఇనుము పోతది. గదే తిప్పలు.
తలుపు కింద సన్న బొక్కలుంటయి, అగ్గిపుల్లతో తీయి.
అడుగున మైనం, గ్రీజు కలిపి రుద్దు.
తడి మీద కవరు కప్పకు, ఊపిరాడదు దానికి.”
కాసేపాగి, పైకి చూశారు.
“ఈ ఏసీ చలికాలం బంద్ చేస్తరా మీరు?”

చెయ్యం. మిషన్లు వేడెక్కుతాయి.
వెనక గోడకి గొట్టం, ఎన్నేళ్లుగానో మోరీలోకే.
ఇప్పుడు దాని కింద వార్డ్ బాయ్ సైదులు పెట్టిన తెల్ల క్యాన్.
మిషన్ ఉప్పు ద్రావణం వచ్చేది దాన్లోనే,
ఏడుసార్లు తొలిచాను.
చుక్క, చుక్క, వారానికి రెండు క్యాన్లు.

మొహియుద్దీన్ గారు గ్లాసు పట్టుకుంటే
ముందు పెదవులు తడుపుతారు, ఆగుతారు,
తర్వాతే గుటక.
నేనూ ముందు బనియన్ గుడ్డ తడిపి, ఆగి,
దుమ్ము మెత్తబడ్డాకే పోస్తాను.

మొన్న గురువారం ఆటోలు బంద్.
రెండున్నర కిలోలు తగ్గిన మనిషిని
రెండు చేతులా పట్టి సీట్లోకి దించాను.
తలుపు పడిన చప్పుడు విని
“ఇది మార్చినరు, అసలుది కాదు” అన్నారు.
చాదర్‌ఘాట్ బ్రిడ్జి దాటాక జేబులోంచి కాగితం పొట్లం,
ఉస్మానియా బిస్కెట్.
“సగం” అన్నాను, రోడ్డు మీంచి కళ్లు తీయకుండా.
సగమే తిన్నారు. తక్కిన సగం నా చేతిలో పెట్టారు.

సీటు కుట్లలో పొడి పడింది,
ఉప్పూ వెన్నా కలిసిన పొడి.

ఆదివారం రెండు క్యాన్లూ నిండుగానే ఉన్నాయి.
బయటంతా కడిగాను, చక్రాల మడతలతో సహా.
లోపల ఇంకా దులపలేదు.