రెండు వేళ్ళ సందు

గుణుపురంలో రైలు ఆగిపోతుంది.
ఆ తర్వాత పట్టా లేదు, కొండలున్నాయి.
చివరి ఆరు కిలోమీటర్లు నావి.
పానా భుజాన, సుత్తి చేతిలో,
స్లీపరు మీంచి స్లీపరుకి
నాలుగేళ్ళు నడిచాను.

ఇప్పుడు మంచం దగ్గర్నుంచి బావి దాకా వెళ్తే
నడుం నన్నే అడుగుతోంది
ఎవరి ఒళ్ళు మోసుకొస్తున్నావని.

పాపకి నలభై నాలుగో రోజు.
ఆసుపత్రిలో నర్సమ్మ వెల్లకిలా పడుకోమని
బొడ్డు పైన వేళ్ళు ఆనించి
"తల ఎత్తు" అంది.
నా కండ రెండుగా విడిపోయి
మధ్యలోకి ఆమె వేళ్ళు దిగబడ్డాయి.
"రెండు వేళ్ళు" అని చీటీ మీద ఒడియాలో రాసింది.

భయం వెయ్యలేదు. తెలిసిన కొలతే.
పట్టాకీ పట్టాకీ మధ్య సందు ఉంచుతాం మేము.
వైశాఖం ఎండకి ఇనుము సాగుతుంది,
చోటు లేకపోతే పాములా మెలి తిరుగుతుంది.
లోపల ఒకతి తొమ్మిది నెలలు సాగింది.
నేను చోటిచ్చాను. అంతే.

అత్త అప్పలకొండమ్మ ఒప్పుకోదు.
తన పాత నేత చీర చింపి
ఊపిరందకుండా కట్టు బిగిస్తుంది.
పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం,
పొద్దున్నే గోళీ అంత కాయం.
నీళ్ళడిగితే అర గ్లాసు.
"బాలింత పొట్ట నీల్లు పోస్తే దిగదే గుంటా."
కాయం మాత్రం నాకిష్టమే, చెప్పొద్దూ,
శొంఠీ బెల్లం మిరియం నాలిక మీద కలబడుతుంటే.
కానీ రాత్రి రెండింటికి పాప రొమ్ము వదలదు.
నాలో ఏదో అడుగంటుతున్న చప్పుడు.
చీకట్లో అంగన్‌వాడీ ఛతువా పొట్లం విప్పి
పిడికెడు పొడి నోట్లో పోసుకుని
దగ్గితే పాప లేస్తుందని
బుగ్గలోనే నానబెట్టుకున్నాను.
దొంగతనం కాదు. పుస్తకంలో నా పేరుకెదురుగా
వేలిముద్ర వేసి తెచ్చుకున్నదే.

వెనక వీధి సవర ఆవిడ, మాలతీ నానీ
(అక్కని ఇక్కడ నానీ అంటారు)
గోడ మీంచి నా మొహం చూసి ఏమీ అనలేదు.
మర్నాడు సొట్ట గిన్నెలో మాండియా జావ తెచ్చింది,
మేం చోడి అంబలి అంటామే, అదే.
మునగాకు వేపుడు, పైన ఉడికిన గుడ్డు.
"కుండ ఎండితే గిన్నెలోకి ఏం ఒంపుతుంది?" అంది అత్తతో.
అత్త మూతి తిప్పుకుంది.
గిన్నె మాత్రం తిప్పి పంపలేదు.

"ఏటి సేస్తన్నావే నేల మీద?"
మోకాళ్ళు ముడిచి, ఊపిరి వదులుతూ
బొడ్డుని వెన్ను వైపు లాగుతున్నాను.
పదిసార్లు చెయ్యాలి. ఏడోసారికే చెమట.
పాప నవ్విందో, కడుపులో వాయువో.
పదోది ఆ రోజుకి అవ్వలేదు.

మగాళ్ళు ఇంట్లో లేని ఒక మధ్యాహ్నం
అత్త వచ్చి నా పక్కన చాప మీద పడుకుంది.
"నాదీ సూడు."
ముడతల మధ్య వేళ్ళు పెట్టాను. తల ఎత్తింది.
నాలుగు వేళ్ళూ దిగిపోయాయి, బొటనవేలు బయట మిగిలింది.
నలుగురు బిడ్డలు. పదమూడో రోజుకే
కాశీనగర్ మళ్ళల్లో ఊడుపు.
"నాకు కట్టు కట్టినోల్లు నేరు," అంది కప్పు చూస్తూ,
"అందుకే నీకు గట్టిగా కట్టీసినాను."
"మరి దాహం వేస్తే?"
"కాలవ నీల్లు. దొంగతనంగా."
ఇద్దరం నవ్వేం.
నవ్వితే పొట్ట నొప్పెట్టింది, ఇద్దరికీ.

సెలవు ఇంకా మూడు నెలలుంది.
పానా ఎత్తగలదా అని మేటు కబురంపాడు.
ప్రస్తుతానికి సగం బిందె ఎత్తగలను.
సాయంత్రం బండి వెళ్ళిపోయాక
పట్టా పక్క కాలిబాటలో
పాపని ఎత్తుకుని అత్త ముందు, లెక్కపెడుతూ నేను వెనక.
కట్టు వదులుగానే ఉంది. నీళ్ళ సీసా అత్త చేతిలో.

నిన్న నూట ఎనభై స్లీపర్లు.
ఇవాళ నూట డెబ్బయ్యే.
పాపకి ఆకలేసింది.
నాకూ.