కిడ్నీ ట్రేలో నీళ్లు

గ్రిమ్స్‌బీలో తెల్లవారుజాము మూడున్నరకి
సముద్రం వాసన ఆసుపత్రి లిఫ్టులోకి కూడా ఎక్కుతుంది.
చేపల పడవలు తగ్గిపోయి ఏళ్లయిందంటారు,
గాలికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

నాలుగో గదిలో కేలీ
ఏడవని పిల్లని కన్నది.
ముప్ఫై ఏడు వారాలు. గోళ్లు కూడా పెరిగాయి.
డేల్ ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చాడు,
రబ్బరు బూట్ల మీద పొలుసులు ఇంకా మెరుస్తున్నాయి.

బాప్తిస్మం ఇప్పించమంది.
ఆసుపత్రి ఫాదర్‌కి ఫోన్ చేశాను.
మంచివాడే, నిద్రగొంతుతో నెమ్మదిగానే చెప్పాడు:
"పోయినవాళ్లకి ఇవ్వకూడదు సిస్టర్,
పొద్దున వచ్చి ప్రార్థన చేస్తాను."
కేలీ నా మెడలో శిలువ చూసింది.
"మరి నా పాప ఎక్కడికెళ్తుంది?"

ఆ ప్రశ్న నేనెరుగుదును.
మా అమ్మ సుజ్ఞానమ్మ దాన్ని
నలభై ఏళ్లు నాలుక కింద దాచుకుంది.

రేపల్లె కాలవ పక్కన, సమాధుల తోట గోడకి అవతల,
తుమ్మమోడు దగ్గర మా అక్క.
పేరు లేదు. గంట కొట్టలేదు.
జన్మపాపం కడగని బిడ్డ అన్నారట పాదిరిగారు,
గుమ్మం దిగలేదట.
చీకటి పడ్డాక తాతే పలుగూ పారా పట్టుకెళ్లాడు,
దొంగసొత్తు పాతిపెట్టినట్టు.
ఏటా ఈస్టరుకి
మేం లోపలి సమాధులకి సున్నం కొట్టి కొవ్వొత్తులు వెలిగిస్తుంటే
అమ్మ ఆ గోడకి వీపు ఆనించి నిలబడేది.
నడుం నొప్పనుకునేదాన్ని.

సండే స్కూల్లో నరకం పటం ఉండేది.
మంటలకి వేసిన ఎరుపు పెచ్చులు లేచింది.
మిగతా పిల్లలు భయపడేవాళ్లు.
నేను దగ్గరికెళ్లి వెతికేదాన్ని,
ఆ మనుషుల కాళ్ల సందుల్లో
సుద్దముక్కంత పిల్ల ఎక్కడైనా ఉందేమోనని.

కుళాయి తిప్పాను.
వెచ్చబడేదాకా ఆగాను.
ఎందుకంటే చన్నీళ్లు ఎవరు పోస్తారు పసిపిల్లకి?
చేతికందింది కిడ్నీ ట్రే.
"పేరు?"
డేల్ బూట్లకేసి చూస్తూ అన్నాడు,
"ఎడిత్. మా అమ్మమ్మ పేరు."

చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన మాటలు
ఒక్కటీ గుర్తు రాలేదు.
"ఎడితమ్మా, నువ్వు దేవుడి పిల్లవి.
ముందూ అంతే, ఇప్పుడూ అంతే"
అనేశాను తెలుగులో.
అర్థం ఏమిటని వాళ్లడగలేదు.
నీళ్లు పాపం ఏమీ కడగలేదు.
కనుబొమ్మ మీద ఎండిన
ఆవగింజంత రక్తపు చుక్కని కడిగాయి.

ఈ కబురు లింకన్‌లోని మా తెలుగు సహవాసం దాకా పాకింది.
పెద్దాయన యెషయ్యగారు ఫోన్ చేశారు.
"సిద్ధాంతం ఒప్పుకోదమ్మా."
"నాకూ వచ్చు అన్నయ్యా ఆ సిద్ధాంతం.
ఒక్కసారి ఆ గదిలోకి తీసుకొచ్చి
ఆ పిల్ల మొహం చూస్తూ చదవండి."
చాలాసేపు లైన్లో గాలి చప్పుడే.
తర్వాత అడిగారు,
"ఎంత బరువుందమ్మా?"
మూడు కేజీలకి కొంచెం తక్కువ, అన్నాను.
ప్చ్, అన్నారు. ఫోన్ పెట్టేయలేదు.

ఆదివారం ఆరాధనయ్యాక
రేవు వెనక చాపెల్ వంటింట్లో
నేను కప్పులు కడుగుతుంటే మౌరీన్ తుడుస్తోంది.
ఎనభై నాలుగేళ్లు. ఆ చేతులు ఎప్పుడూ వణకవు.
చెప్పాను.
తుడుస్తున్న కప్పే మళ్లీ తుడిచింది.
"అరవై ఒకటిలో నాకూ. మగపిల్లాడు.
చూడనివ్వలేదు. ఎక్కడ పెట్టారో కూడా చెప్పలేదు."
కాసేపాగి, "వాడి పేరు కెనెత్," అంది,
ఎదురింటి కుర్రాడి గురించి చెప్పినట్టు.

"మీ అక్కకి పెట్టావా?"

ఇంకా లేదు.
నైట్ డ్యూటీకెళ్లే బస్సులో
అద్దం మీద ఊపిరి ఊది
ఒక్కో పేరూ రాసి చూస్తున్నాను.
తొందరేం లేదంది మౌరీన్,
దేవుడికి మాత్రం వేరే పనేముంది, ఆగుతాడులే,
చక్కెర డబ్బా ఇటివ్వు, అంది.